బస్సు సౌకర్యం: ఉంది

హేమశ్రీ ఎడమకాలు మోకాలి కింద నుంచి తీసేయాల్సి వచ్చిందని డాక్టరు చెప్పినప్పుడు ధనంజయ ఏడవలేదు. గోడకు ఆనుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత పక్కనే ఉన్న అల్లుడి వైపు తిరిగి ఒకటే మాట అడిగాడు.

"ఆ ఆటోవాడు యాడుండాడు?"

అల్లుడు ఢిల్లీబాబు మెట్ల వైపు చెయ్యి చూపించాడు. కింది అంతస్తులో, ఎముకల వార్డు బయట.

ఆ రోజు పొద్దున ఊటుగుంట కండ్రిగ నుంచి శ్రీ సిటీ ఫ్యాక్టరీలకు బయలుదేరిన ఆటోలో పద్నాలుగు మంది ఆడవాళ్లున్నారు. అది ఏడుగురు ఎక్కాల్సిన బండి. ఎదురుగా కంకర టిప్పరు వస్తే ఆటో రోడ్డు దిగింది. అంచున మట్టి జారి బండి బోల్తా కొట్టింది. కొందరికి చేతులు విరిగాయి, ఇద్దరికి తలలు పగిలాయి. హేమశ్రీ లోపల చోటు లేక డ్రైవరు పక్కన, ఒక కాలు బయటికి వేలాడేసి కూర్చుంది. బండి ఆ కాలి మీదనే పడింది.

ధనంజయ ముప్పై ఒక్క ఏళ్లు సర్కారు బస్సు తోలి మూడేళ్ల కిందట రిటైరైనవాడు. భార్య పోయాక టౌనులో ఒక్కడే ఉంటున్నాడు. హేమశ్రీ ఒక్కతే కూతురు. ఏడేళ్ల కిందట కండ్రిగలో ఇచ్చాడు. పిల్ల పుట్టాక ఆమె ఫోన్ల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. ఇరవై తొమ్మిదేళ్లు. నిలబడి చేసే పని.

ఆటో డ్రైవరు ధర్మేంద్ర బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి కట్టులో ఉంది, చొక్కా మీద ఎవరిదో నెత్తురు. కొంచెం దూరంలో కానిస్టేబులు ఫోన్ చూసుకుంటున్నాడు. ధనంజయ పోయి ధర్మేంద్ర చొక్కా పట్టుకుని లేపాడు.

"నువ్వు మనిషివేనా? ఏడు మంది ఎక్కే బండిలో పద్నాలుగు మందినా? ముప్పై ఒక్క ఏండ్లు బస్సు తోలినానురా నేను. ఒగ మనిషికి గీత పడనీలే!"

ధర్మేంద్ర చెయ్యి అడ్డం పెట్టలేదు.

"కొట్టు మామా. కొట్టినాక ఒగ మాట చెప్పు. ఏడు మందే ఎక్కండని నేనంటే, మిగతా ఏడు మంది ఏం జెయ్యాల? పొద్దున ఆరుకు ఫ్యాక్టరీ లోపలుండాల వాళ్లు. లేటయితే ఆ దినం పని లేనట్టే. 'అన్నా, నీ పక్కనైనా కూసుంటా, ఇడిసిపెట్టి పోవద్దు' అని నాకు పోన్ జేసింది ఎవురో తెలుసా? నీ కూతురే."

"నోరు ముయ్!"

"ముయ్యను. నువ్వు బస్సు తోలినోడివే గదా. మా ఊరికి బస్సు యాడుండాదో చెప్పు. ఆ బస్సు వస్తే ఈ ఆటో ఎవురు ఎక్కుతారు మామా, చెప్పు!"

కానిస్టేబులు లేచి వచ్చి ఇద్దరినీ విడదీశాడు. ధనంజయకు కోపం తగ్గలేదు. కానీ ఆ పిలకాయ చొక్కా పట్టుకుని ఊపినంత మాత్రాన తీరేది కాదని మాత్రం తెలిసింది.

*

మూడు వారాల తర్వాత హేమశ్రీని కండ్రిగకు తీసుకొచ్చారు. తన దగ్గరే ఉంచుకుంటానని ధనంజయ అన్నాడు గానీ వియ్యపురాలు నిర్మలమ్మ ఒప్పుకోలేదు. "బిడ్డ ఈడుంది అన్నా. తల్లిని ఆడుంచి బిడ్డను ఈడుంచితే ఎట్లా?" అంది.

కారు ఊర్లోకి వస్తుంటే మొదట కనబడింది బస్సు షెల్టరు. పైకప్పు రేకు సగం లేచిపోయింది, లోపల ఎవరో వేరుశనగ కట్టె పేర్చుకున్నారు. దానికి అడ్డంగా పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆడవాళ్లకు బస్సులో ఉచిత ప్రయాణం. చేతులూపుతూ నవ్వుతున్న ఆడవాళ్ల బొమ్మలు.

"ఆరు నెల్ల నుంచి ఉండాది అది" అంది నిర్మలమ్మ. "ఉచితమేనంట. వస్తే గదా ఎక్కేది."

ధనంజయ కారు ఆపించి దిగాడు. ఫ్లెక్సీ తాళ్లు తెంపి, కిందకు లాగి, నాలుగు మడతలు పెట్టి కట్టెల మోపు మీద పడేశాడు. కారులో వెనక సీట్లో పడుకుని ఉన్న హేమశ్రీ కళ్లు తెరిచి చూసి మళ్లీ మూసుకుంది.

మరుసటి రోజు పొద్దున్నే అతను గ్రామ సచివాలయానికి పోయాడు. బస్సు కోసం అర్జీ రాయాలంటే ఊరి లెక్కలు కావాలి. కంప్యూటరు ముందున్న కృపామణి అనే అమ్మాయి మర్యాదగా కూర్చోమంది. ఏడాదిన్నరగా ఇక్కడ పని. తనూ రోజూ స్కూటీ మీద ఇరవై రెండు కిలోమీటర్లు వస్తుంది. కాగితం తీసి ఇచ్చింది.

గ్రామ వివరాలు. జనాభా ఆరు వందల పద్దెనిమిది. ఇళ్లు నూట యాభై నాలుగు. పక్కా రోడ్డు ఉంది. రైల్వే స్టేషన్ పది కిలోమీటర్ల లోపు లేదు. బస్సు సౌకర్యం: ఉంది.

ధనంజయ ఆ చివరి మాట రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ఇది ఎవురు రాసినారు మ్మా?"

"నేను రాలేదు అప్పటికి సార్. పాత లెక్క. ఏటేటా అదే పోతా ఉంటాది."

"ఏటేటా అదే పోతాదా? ఈ ఊర్లో బస్సు నువ్వు సూసినావా?"

"లేదు సార్."

"ఆరు వందల మందంట! వీధికి రెండు కొత్త మిద్దెలు లేచినాయి. శ్రీ సిటీ పనికి వచ్చినోళ్లు ఒగ్గో మిద్దెలో నాలుగు కుటుంబాలు బాడుగకుండారు. వాళ్లు మనుషులు కాదా?"

"వాళ్ల కార్డులు వాళ్ల సొంతూర్లలో ఉంటాయి సార్. ఈడ లెక్కకు రారు."

"ఆడా లేరు, ఈడా లేరు. మరి యాడుండారు వాళ్లు?" బల్ల మీద చేత్తో కొట్టాడు. "'లేదు' అని దిద్దు. ఇప్పుడే, నా ముందర."

కృపామణి స్క్రీను అతని వైపు తిప్పింది. "దిద్దేదానికి నాకు వీలు కాదు సార్. నొక్కినా పడదు. పైనుంచి తెరిస్తేనే. రెండుసార్లు పైకి రాసినాను. రోడ్డుంది గదా, బస్సుంటాదిలే అన్నారు." గొంతు తగ్గించి అంది. "ఆటోలో పడినోళ్లలో మా ఆఫీసు ఊడ్చే ఆమె కూతురు కూడా ఉండాది సార్. నాకూ కోపమే. మీరు నా మింద అరిస్తే ఏమొస్తాది?"

అతనికి సిగ్గేసింది. కాగితం మీద ముద్ర వేయించుకుని బయటికొచ్చాడు. ముద్ర వేస్తున్నప్పుడు కూడా ఆ 'ఉంది' అన్న మాట అతన్ని వెక్కిరిస్తున్నట్టే ఉంది.

*

డిపోలో గేటు కాపలావాడి దగ్గర్నుంచి అందరూ తెలిసినవాళ్లే. ఎవరో టీ తెప్పించబోయారు. వద్దన్నాడు. నేరుగా మేనేజరు గదికి పోయాడు.

మేనేజరు మునిచంద్ర ఒకప్పుడు అదే డిపోలో గుమస్తా. ధనంజయ అతన్ని "అబ్బా" అని పిలిచేవాడు. ఇప్పుడు "సార్" అనాల్సి వచ్చింది. మునిచంద్ర మాత్రం లేచి వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"హేమ సంగతి ఇన్నానన్నా. రావాలనుకున్నా..."

"నువ్వు రావాల్సిన పన్లేదు సార్. బస్సు రావాల." ముద్ర వేసిన కాగితం బల్ల మీద పెట్టాడు. "సూడు. కండ్రిగకు బస్సు ఉండాదంట. మీ బస్సే గదా. యాడికి పోయింది? దోవలో ఎవురైనా ఎత్తకపోయినారా?"

"అన్నా, కూసో."

"కూసోను. ముప్పై ఒక్క ఏండ్లు కూసోనే ఉన్నా మీ సీటులో. జనాలకు అబద్ధం చెప్పేదానికా ఈ డిపో ఉండేది? పద్నాలుగు మంది ఆడపిల్లోళ్లు ఒగరి ఒళ్లో ఒగరు కూసోని పోతా ఉంటే మీరు ఈడ ఫ్యాను కింద ఏం లెక్కలు రాస్తా ఉండారు? ఎవురు నిలిపినారు ఆ బస్సు? వాడి పేరు చెప్పు నాకు. ఉంటే వాడింటికి పోతా. సచ్చింటే వాడి కొడుకునడుగుతా!"

వరండాలో ఇద్దరు ముగ్గురు కండక్టర్లు ఆగి చూస్తున్నారు. మునిచంద్ర వాళ్లను పొమ్మని తలుపు వేశాడు.

"పదేండ్ల కిందట వరదల్లో రోడ్డు పోయింది గదన్నా, అప్పుడు నిలిపినారు. తరవాత రోడ్డు బాగలేదని రిపోర్టొచ్చింది. ఆ రిపోర్టు ఉన్నంతవరకూ మేం బస్సు ఎయ్యలేం."

"ఈ కాగితంలో పక్కా రోడ్డుండాది. నీ కాగితంలో రోడ్డు లేదు. ఈ కాగితంలో బస్సుండాది. నీకాడ బస్సు లేదు. ఏందప్పా ఇది! తీ ఆ రిపోర్టు."

"ఎందుకులేన్నా. కొత్త అర్జీ పెట్టు, నేను సూసుకుంటా."

"తీ అంటా ఉండా!"

మునిచంద్ర బీరువా తెరిచి చాలాసేపు వెతికి, ఒక పాత ఫైలు తెచ్చి, పేజీ తిప్పి అతని ముందు పెట్టాడు. తర్వాత కిటికీ వైపు తిరిగాడు.

ఊటుగుంట కండ్రిగ. వాగు మీది మోరీ కొట్టుకుపోయినది. పెద్ద బండి తిరుగుటకు వీలు లేదు. రోడ్డు బస్సుకు యోగ్యము కాదు. రాత్రి హాల్టు రద్దు చేయవచ్చును. తేదీ పదేళ్ల కిందటి మార్చి. కింద రెండు సంతకాలు. ఒకటి కంట్రోలరుది. ఆయన చనిపోయి ఐదేళ్లయింది. రెండోది డ్రైవరు ఇ. ధనంజయ.

అతను కూర్చున్నాడు.

వరదల తర్వాత మార్చి నెల. నాలుగు ఊర్ల రోడ్లు చూసి రమ్మని ఇద్దరినీ జీపులో పంపారు. రెండు ఊర్లు పోయి చూశారు. ఎండ దంచేస్తోంది. కండ్రిగ క్రాసు దగ్గర టీ బంకు ముందు జీపు ఆపారు. లోపలికి మూడున్నర కిలోమీటర్లు. బంకువాడిని అడిగితే, "ఏముండాది సార్, మోరీ కొట్టకపోయింది గదా" అన్నాడు. ఆ మోరీ అప్పటికి ఇరవై రోజుల ముందే కట్టేశారని వాడికీ తెలియదో, చెప్పాలనిపించలేదో. కండ్రిగలో రాత్రి హాల్టంటే డ్రైవర్లందరికీ మంట. దోమలు, బస్సులోనే పడక, కాళ్లు కడుక్కోను నీళ్లుండవు. "ఇంగ పోయేదెందుకులే ధనంజయా, రాసేద్దాం" అన్నాడు కంట్రోలరు. మూడో ఊరికీ నాలుగో ఊరికీ అక్కడే కూర్చుని రాశారు. ధనంజయ జీపు బానెట్టు మీద పెట్టి సంతకం చేశాడు.

తర్వాత మూడేళ్లకు ఆ ఊర్లోనే కూతుర్నిచ్చాడు. పెళ్లి నాడు బస్సు లేదని చుట్టాలు గొణిగితే రెండు వ్యాన్లు మాట్లాడాడు. అప్పుడు కూడా ఆ సంతకం గుర్తు రాలేదు.

"అందుకే వద్దన్నానన్నా" అన్నాడు మునిచంద్ర, ఇటు తిరగకుండానే. "దీన్ని ఈడనే ఇడిసిపెట్టు. అప్పుడు రోడ్డు బాగలేదు, ఇప్పుడు బాగుపడింది అని రాసిస్తాం. ఇంజినీర్లు ఎప్పుడో ఒగప్పుడు వచ్చి సూస్తారు. నీ పేరు రాదు."

"ఎప్పుడో ఒగప్పుడంటే?"

"ఆరు నెల్లు. ఏడాది."

"అదే అబద్ధమని నేనే రాసిస్తే?"

మునిచంద్ర భయపడ్డట్టు చూశాడు. "రిపోర్టు చెల్లదు. వారంలో చెకింగుకు పంపాల. కానీ ఎంక్వైరీ పడతాదన్నా. పింఛను దాకా వస్తాది. పద్ధతి కాదు."

"ఇంగొగసారి నాతో అబద్ధం రాయించేదేనా పద్ధతి?" ధనంజయ లేచాడు. మునిచంద్ర మీద అరిచాడో తనమీద తనే అరుచుకున్నాడో అతనికే తెలియలేదు. "తెల్లకాగితం ఇయ్యి."

*

కాగితం రాసిచ్చే ముందు కూతురికి చెప్పాలనుకున్నాడు. మధ్యాహ్నం నిర్మలమ్మ పిల్లను తీసుకుని అంగన్‌వాడీకి పోయినప్పుడు చెప్పాడు. హేమశ్రీ నులక మంచం మీద గోడకు దిండు ఆనించి కూర్చుని ఉంది. మొత్తం విన్నది.

"టీ తాగినారా?" అంది చివరికి.

"ఏం మ్మా?"

"ఆ బంకుకాడ. టీ తాగినారా?"

"తాగినాం."

"ఎంతసేపు కూసున్నారు?"

"అర్ధగంట ఉంటాది."

"మూడున్నర కిలోమీటర్లు" అంది హేమశ్రీ. "జీపులో పది నిమిషాలు నాయనా. నేను ఆ దోవన నడిచిపోయినాను. కడుపుతో ఉన్నప్పుడు కూడా నడిచినాను, ఆటో దొరక్క. నీకు జీపులో పోయేదానికి బద్ధకమైందా?"

అతను అరచేత్తో కళ్లు ఒత్తుకున్నాడు.

"అంత కోపంగా అరిచినావంట, ధర్మేంద్రన్న చొక్కా పట్టుకొని. ఆయప్ప నీకు ఏం జేసినాడు?" ఆమె గొంతు పెరిగింది. దుప్పటి పక్కకు లాగి కట్టు కట్టిన కాలు చూపించింది. "సూడు. సరిగ్గా సూడు. ఏడ్సొద్దు. నా ముందర ఏడ్సొద్దు నువ్వు. నాకు ఏడుపు రాలేదు ఇంతవరకు, నీకెందుకు వస్తాది?"

బయట ఎవరో ట్రాక్టరు స్టార్టు చేస్తున్నారు, అది పట్టుకోవడం లేదు.

"ఆ నాలుగో ఊరేది?" అంది హేమశ్రీ.

చెప్పాడు.

"దానికీ రాయి. మాకొగ్గరికే రాస్తే ఊరుకోను. ఇంగ పో నాయనా. ఇప్పుడు నువ్వు ఈడుంటే నా నోట్లో ఏమొస్తాదో నాకే తెలీదు."

*

రాసిచ్చాడు. రెండు ఊర్లకూ రాసిచ్చాడు. రోడ్డు చూడకనే సంతకం పెట్టినానని, ఎవరూ బలవంతం చేయలేదని, చనిపోయిన కంట్రోలరు మీదికి తోయకుండా రాశాడు. మునిచంద్ర దాన్ని రెండుసార్లు చదివి లోపల పెట్టుకున్నాడు.

తర్వాత ధనంజయ కండ్రిగలో ఇల్లిల్లూ తిరిగాడు. స్కూలు పిలకాయల నోటుబుక్కు ఒకటి కొన్నాడు. ఇంట్లో ఎంతమంది, ఎవరు ఎక్కడికి పోతారు, ఎన్ని గంటలకు, దేంట్లో. మిద్దెల మీద రేకుల గదుల్లో ఉండే ఒడిశా పిలకాయల పేర్లు కూడా రాసుకున్నాడు. కొందరు తలుపు తీయలేదు. ఒకామె, "మళ్లీ ఏ స్కీమప్పా?" అని కసురుకుంది. ఎనిమిది రోజుల్లో తేలింది: పదకొండు వందల ఎనభై ఏడు మంది. పొద్దున ఆరు గంటల షిఫ్టుకు పోయేవాళ్లే నూట నలభై మూడు మంది. అందులో ఆడవాళ్లు తొంభై ఆరు. హైస్కూలుకు తొమ్మిది కిలోమీటర్లు పోలేక చదువు మానేసిన ఆడపిల్లల్ని విడిగా ఒక పేజీలో రాశాడు. ఆ పేజీ రాస్తుంటే పెన్ను రెండుసార్లు కాగితాన్ని చించింది.

ఆ లెక్క పంచాయతీ ముందు చదివి సంతకాలు చేయించమని కృపామణి చెప్పింది. ఆదివారం సాయంత్రం జనం కూడారు. ధనంజయ లెక్క చదివాడు. చదివాక నోటుబుక్కు మూసి, బస్సు ఎందుకు ఆగిందో కూడా చెప్పాడు. పేరు దాచలేదు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"అయ్యో, నీ సెయ్యిరగ! పదేండ్లు!" అని ఒక ముసలామె లేచింది. "మా ఆయనకు గుండె నొప్పొస్తే మంచం మింద మోసకపోయినాము క్రాసు దాకా!" ఎవరో మట్టిబెడ్డ విసిరారు. అది అతని భుజానికి తగిలింది. ఢిల్లీబాబు అడ్డం రాబోతే ధనంజయ చెయ్యి పెట్టి ఆపాడు.

వెనక నుంచి ధర్మేంద్ర వచ్చాడు. చేతికి కట్టు ఇంకా ఉంది. బెయిలు మీద ఉన్నాడు, ఆటో స్టేషన్లో తుప్పు పడుతోంది.

"నా మింద కేసు పెట్టినారు మామా. జైలుకు పోతానేమో. పద్నాలుగు మందిని ఎక్కించుకున్నానని. నువ్వు ఊరంతట్నీ రోడ్డు మింద నిలబెట్టినావు. నీ మింద యాడుండాది కేసు?"

ధనంజయ నోటుబుక్కు ముందుకు చాపాడు. "సంతకాలు పెట్టండప్పా" అన్నాడు. "నన్ను తిట్టండి. తిట్టినాక పెట్టండి."

తిట్టారు. చీకటి పడే లోపల అందరూ పెట్టారు. ధర్మేంద్ర ఎడమచేత్తో పెట్టాడు.

*

నాలుగు వారాలకు బస్సు వచ్చింది. పొద్దున ఏడు నలభైకి ఒక ట్రిప్పు, సాయంత్రం ఐదుకు ఒకటి. మొదటి రోజు దాని ముందుకు అరటి పిలకలు కట్టారు. మండల నాయకుడొకాయన కొబ్బరికాయ కొట్టి, ఫొటో తీయించుకుని, కారెక్కి పోయాడు. ముసలివాళ్లు, హైస్కూలు పిల్లలు ఎక్కారు. ఆరు గంటల షిఫ్టు ఆడవాళ్లు అప్పటికే పక్కూరి నుంచి వచ్చిన వేరే ఆటోలో ఇరుక్కుని వెళ్లిపోయారు. పదమూడు మంది.

ఆ రోజు సాయంత్రం వాళ్లు తిరిగొచ్చేసరికి హేమశ్రీ అరుగు మీద కూర్చుని ఉంది. ఏం మాట్లాడుకున్నారో ధనంజయకు తెలియదు. మరుసటి రోజు అతను టౌను నుంచి వచ్చేసరికి బస్సు ఊరి మధ్యలో ఆగి ఉంది. దాని ముందు తొంభై మంది ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. ఆ రోజు ఎవరూ పనికి పోలేదు. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో హేమశ్రీ, ఒళ్లో చేతికర్రలు. డ్రైవరు ఇంజను ఆపేసి దిగి చెట్టు నీడకు పోయాడు.

పది గంటలకు మునిచంద్ర జీపులో వచ్చాడు. ముందు ధనంజయ దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నువ్వయినా చెప్పు. వచ్చిన బస్సును అడ్డుకుంటే పైనోళ్లు ఇది కూడా తీసేస్తారు."

"ఈ ఊర్లో నా మాటకు ఇలవ లేదు సార్. ఉన్నా చెప్పను."

మునిచంద్ర కుర్చీ దగ్గరికి పోయాడు. "హేమా, చిన్నప్పుడు నిన్ను ఎత్తుకున్నోణ్ణి. ఇది పద్ధతి కాదు మ్మా."

"పద్ధతి ప్రకారమే మాకు పదేండ్లు బస్సుండింది మామా, కాగితంలో" అంది హేమశ్రీ. "ఇప్పుడు నిజం బస్సు పంపిస్తిరి. ఎవురికి? పనికి పోయేటోళ్లు పోయినాక వస్తాది, వాళ్లొచ్చే ముందర పోతాది. నూట నలభై మంది లెక్క మీ బల్ల మిందనే ఉండాది. సదివినారా?"

"పొద్దున అయిదు గంటల ట్రిప్పంటే రాత్రి బండి ఈడనే ఉండాల. డ్రైవర్లు రారు. వాళ్లకు పడుకునేదానికి..."

"వాళ్లకు పడుకునేదానికి!" ఆమె చేతికర్రతో రోడ్డును కొట్టింది. పక్కనున్న ఆడవాళ్లంతా ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టారు. ఎవరి మాటా విడిగా వినబడలేదు. మునిచంద్ర రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆ గోలలో కృపామణి సచివాలయం నుంచి వచ్చింది. పైవాళ్లు ఏమన్నా తాను చూసుకుంటానని, తమ ఆఫీసు మేడ మీద ఒక గది, బాత్రూము ఉన్నాయని, తాళం డ్రైవరుకిస్తానని చెప్పింది. ఫ్యాను కూడా ఉంది. మునిచంద్ర ఫోన్ పట్టుకుని పక్కకు పోయాడు. గంటసేపు తిరుగుతూ మాట్లాడాడు. చివరికి వచ్చి, మూడు నెలలు చూస్తామని, జనం ఎక్కకపోతే తీసేస్తామని చెప్పాడు.

"రాసియ్యి" అంది హేమశ్రీ.

రాసిచ్చాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే చీరలు దులుపుకుని లేచారు. ఎవరి ముఖంలోనూ గెలిచిన కళ లేదు. ఇంత చిన్నదానికి ఇంత చేయాల్సి వచ్చిందన్న మంటే ఉంది. ఒకామె మునిచంద్ర జీపు పక్కన ఉమ్మేసి పోయింది.

తెల్లవారుజాము ఐదు గంటల బస్సు పదకొండో రోజున మొదలైంది. నిండుగా పోతోంది.

ధనంజయకు ఎంక్వైరీ నోటీసు వచ్చింది. పోయాడు. ఎండలో కళ్లు తిరిగి రోడ్డు దాకా పోలేకపోయానని చెప్పమని ఒక అధికారి సలహా ఇచ్చాడు. "కండ్లు బాగనే ఉన్నాయి సార్" అని చెప్పి వచ్చాడు. ఫలితం ఇంకా తేలలేదు.

ఆషాఢంలో ధర్మేంద్ర కేసు కోర్టుకొచ్చింది. హేమశ్రీ సాక్షి. ఏడు నలభై బస్సుకు ఆమెను ఎక్కించడానికి ధనంజయ వచ్చాడు. కృత్రిమ కాలు కొత్త, ఇంకా కుదురుకోలేదు, మెట్టు ఎక్కుతుంటే పళ్లు బిగబట్టింది. అతను చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. కడ్డీ పట్టుకుని తనే ఎక్కింది. ఆడవాళ్ల సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. అతను రెండు సీట్ల వెనక కూర్చున్నాడు.

చాలా దూరం పోయాక ఆమె వెనక్కి తిరగకుండానే అంది.

"తప్పు ఆయప్పదొక్కటే కాదని నేను చెప్తా ఉండా కోర్టులో. తరవాత ఎవురిదని అడుగుతారు."

"నన్ను పిలవమను" అన్నాడు ధనంజయ. "చెప్తా."

"చెప్పేటప్పుడు ఏడ్సొద్దు."

"ఏడ్సను."

ఆమె కిటికీ అద్దం పక్కకు తోసింది. అది సగంలో ఇరుక్కుంది. రెండు చేతులతో పట్టుకుని, గట్టిగా, చివరి దాకా తోసింది.